పురుగుల చిత్రకారిణి – మేరియా సిబిల్లా మెరియన్

తొలకరి వానలు కురిసి ఏలూరు కాలువకు క్రొత్తనీరు వచ్చు దినములలో పెరటి కరివేపాకు చెట్టును పరికించి చూచినవారికి లేత యాకులపై చిన్న నల్లని పురుగులు కనబడును. తెల్లని మచ్చగల యా పురుగును తొలిసారి చూచినవారు పక్షి రెట్ట యని భ్రమపడుదురు. కొలది దినములలో నదియే పచ్చని గొంగళిపురుగగును. పుల్లతో తాకినచో తలవెనుకనుండి నారింజరంగు కొమ్ముల జంటను బయటికి చాచి ఘాటైన వాసన విడుచును. పిమ్మట నొకనాడు సన్నని దారముతో కొమ్మకు తన్ను తానే కట్టుకొని, తిండి మాని, కదలక మెదలక యుండిపోవును. ఇంచుమించు రెండు వారములు గడచునప్పటికి ఆ గూటిని చీల్చుకొని నలుపు పసుపు కలసిన రెక్కలతో సీతాకోకచిలుక వెలువడును. జిల్లేడు పొదలపై పాకు చారల పురుగునకును ఇట్టి చరిత్రయే కలదు. కొల్లేటి గట్లపై నెగురు తూనీగ సహితము తన బాల్యమును నీటి యడుగున గడపి వచ్చినదే.

ఎనిమిదవ తరగతి చదువు బాలబాలికలకు ఈ మార్పులు నేడు తెలిసిన సంగతులే. కాని పదునేడవ శతాబ్దమున ఐరోపా ఖండమందలి పండితులలో సైతము పెక్కుమందికి ఇవి తెలియవు. పట్టుపురుగును పెంచువారు దాని పుట్టుపూర్వోత్తరముల నెరుగుదురు. తక్కిన పురుగులు బురదనుండియు, కుళ్ళిన మాంసమునుండియు, ఆకులపై పడిన మంచునుండియు తమంతట తామే పుట్టుచున్నవని లోకులు నమ్ముచుండిరి. ఆ నమ్మకము గ్రీకు తత్త్వవేత్త యగు అరిస్టాటిలు నాటినుండి వచ్చినది. అట్టి కాలమున ఒక బాలిక తన పదమూడవ యేట పురుగులను పెట్టెలలో పెంచి, దినదినమును వాని మార్పులను గమనించి, రంగులతో చిత్రించుటకు పూనుకొనెను. ఏబది యేండ్లకు పైగా నా పనిని విడువలేదు. ఆమెయే మేరియా సిబిల్లా మెరియన్.

మేరియా జర్మనీ దేశమందలి ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున 1647వ సంవత్సరము ఏప్రిల్ 2వ తేదీన జన్మించెను. తండ్రి మత్తాయస్ మెరియన్ పేరుపొందిన శిల్పి. రాగిరేకులపై పట్టణముల దృశ్యములను చెక్కి, అచ్చొత్తి, గ్రంథములుగా ప్రకటించుట ఆయన వృత్తి. ముప్పది సంవత్సరముల పాటు జర్మనీని దగ్ధము చేసిన మహాయుద్ధము ఆమె పుట్టిన మరుసటి యేడాది ముగిసెను. మూడేండ్ల ప్రాయముననే తండ్రి మరణింపగా, తల్లి మరుసటి సంవత్సరము జాకబ్ మారెల్ అను చిత్రకారుని పునర్వివాహము చేసికొనెను. మారెల్ పుష్పచిత్రములకు పేరు గన్నవాడు. పూలగుత్తుల నడుమ ఒక యీగనో, ఒక పెంకుపురుగునో అలంకారముగా నుంచుట ఆనాటి చిత్రకారుల వాడుక. ఇంటికి శిష్యులు వచ్చి చిత్రకళ నేర్చుకొనుచుండిరి. వారితోపాటు మేరియాయు కుంచె పట్టెను. సవతి తండ్రియే యైనను మారెల్ ఆ పిల్ల చేతి నేర్పును గుర్తించి, పని నేర్పుటలో లోపము చేయలేదు. ఆ మేలు తక్కువది కాదు.

1660లో మేరియాకు కొన్ని పట్టుపురుగులు లభించెను. ఆమె వానికి మల్బరీ ఆకులు వేసి పెంచెను. పురుగు పొర విడుచుట, గూడు కట్టుట, గూటిలోనుండి రెక్కల పురుగు వెలువడుట, అది గ్రుడ్లు పెట్టి మరణించుట కన్నులార చూచెను. తక్కిన గొంగళిపురుగులకును ఇట్టి గతియే యుండునా యను సందేహము ఆమెకు కలిగెను. ఆ సందేహమే ఆమె జీవితమును నడపినది. నాటినుండి తోటలకును పొలములకును పోయి, కనబడిన ప్రతి పురుగును అది తినుచున్న ఆకుతో సహా తెచ్చి, పెట్టెలో నుంచి పెంచసాగెను.

ఈ పని చూచుటకు తేలికయే గాని, చేయుటకు మిక్కిలి ఓర్పు కావలయును. గొంగళిపురుగు లన్నియు అన్ని ఆకులను తినవు. కరివేపాకు తిను పురుగునకు జిల్లేడాకు వేసినచో అది ఆకలితో చచ్చును గాని దానిని ముట్టదు. కావున ఏ పురుగు ఏ మొక్కను తినునో ముందు కనుగొనవలయును. ఆ మొక్క ఎంత దూరమున నున్నను ప్రతిదినము క్రొత్త ఆకులు తెచ్చి వేయవలయును. పెట్టెను శుభ్రపరచవలయును. పొర విడుచు గడియ, గూడు కట్టు గడియ ఎప్పుడు వచ్చునో తెలియదు. ఒక్కదినము ఏమరినచో నెలల శ్రమ వ్యర్థమగును. చచ్చిన పురుగు రంగు త్వరలోనే మారును గనుక ప్రాణముతో నుండగనే చిత్రింపవలయును. మేరియా ఈ నియమముల నన్నిటిని ఎవరును చెప్పకయే కల్పించుకొనెను. పలుచని తోలుకాగితపు ముక్కలపై నీటిరంగులతో ఒక్కొక్క దశను చిత్రించి, ఆ ముక్కల నొక పుస్తకమున అమర్చి, ఎదుటి పుటలో తాను చూచిన వివరములను, తేదీలను వ్రాసికొనెను. ఆ పుస్తకము ఆమె తుదివరకు వెంటనే యుండెను.

ఆ రోజులలో మంత్రగత్తె యని నింద మోపి స్త్రీలను శిక్షించు దురాచారము జర్మనీలో ఇంకను అంతరింపలేదు. పురుగులు సైతాను సృష్టి యని భయపడువారును ఉండిరి. అట్టి యెడ ఒక కన్నెపిల్ల పురుగులను, కప్పలను ఇంట దాచి పెంచుట సామాన్యమైన సాహసము కాదు.

1665లో మేరియా తన సవతి తండ్రి శిష్యుడగు యోహాన్ ఆండ్రియాస్ గ్రాఫ్ అను చిత్రకారుని వివాహమాడెను. వారికి యోహానా హెలేనా, డోరోతియా మరియా అను ఇద్దరు కుమార్తెలు పదేండ్ల యెడముతో కలిగిరి. కుటుంబము గ్రాఫ్ స్వస్థలమగు న్యూరెంబర్గు నగరమునకు తరలిపోయెను. అచ్చటి చిత్రకారుల సంఘపు కట్టుబాట్లను బట్టి స్త్రీలు తైలవర్ణములతో చిత్రములు వేసి యమ్ముకొనరాదు. నీటిరంగులు మాత్రమే వారికి విడువబడినవి. మేరియా ఆ నీటిరంగులతోనే జీవనము గడపెను. ధనికుల కుమార్తెలను చేరదీసి వారికి చిత్రలేఖనమును, సూదిపనిని నేర్పెను. వారు గుడ్డలపై కుట్టుకొనుటకు వీలుగా పూలనమూనాల పుస్తకమును 1675 మొదలు మూడు భాగములుగా ప్రకటించెను. నరసాపురపు లేసు అల్లు స్త్రీలకును, ఏలూరు తివాచీలు నేయు పనివారికిని ఒక మంచి నమూనా విలువ యెట్టిదో తెలియును. మేరియా పూలపుస్తకములు చేతులు మారి మారి, చించబడి, గుడ్డలపై పరచబడి చాలవరకు నశించిపోయినవి. వాడుకలో అరిగిపోవుట అట్టి పుస్తకమునకు అగౌరవము కాదు.

పూలపుస్తకములు కూడుబెట్టుచుండగా పురుగుల పని లోలోపల సాగుచునే యుండెను. 1679లో ఆమె గొంగళిపురుగుల యద్భుత పరివర్తనమును గూర్చిన గ్రంథమును ప్రకటించెను. అందు ఏబది చిత్రములు కలవు. 1683లో మరి ఏబది చిత్రములతో రెండవ భాగము వెలువడెను. ఆ చిత్రములలో నొక క్రొత్తదన మున్నది. అంతకుముందు పురుగులను చిత్రించినవారు పెంకుపురుగుల నొక వరుసను, సీతాకోకచిలుకల నొక వరుసను, అంగడిలో సరకు పరచినట్లు పరచుచుండిరి. మేరియా ఒక పుటలో ఒక మొక్కను వేయును. ఆ మొక్క ఆకుపై గ్రుడ్లు, ప్రక్క కొమ్మపై ఆకును కొరుకుచున్న పురుగు, క్రింద గూడు, పైన ఎగురుచున్న చిలుక, అన్నియు ఒకేచోట నుండును. పురుగు బ్రతుకును, మొక్క బ్రతుకును విడదీయరానివని చూపరికి వెంటనే బోధపడును. పైగా ఆమె ఆ గ్రంథమును పండితుల భాషయగు లాటినులో గాక జర్మను భాషలో వ్రాసెను. తోటమాలియు, గృహిణియు దానిని చదువగలిగిరి.

కొన్ని సమయములందు గూటినుండి సీతాకోకచిలుకకు బదులుగా చిన్న యీగల గుంపు వెలువడి ఆమెను ఆశ్చర్యపరచెను. అందుకు కారణ మామెకు స్పష్టముగా తెలియలేదు. కారణము తెలియనంత మాత్రమున తాను చూచినదానిని దాచక, ఆ యీగలను సైతము చిత్రములో చేర్చెను. ఇతర పురుగుల దేహములలో గ్రుడ్లు పెట్టి పెరుగు పరాన్నజీవులు కొన్ని గలవని శాస్త్రజ్ఞులు తరువాత తేల్చిరి. వరి, చెరకు పైరులలో కాండము తొలుచు పురుగును అణచుటకు రైతులు నేడు వాడు ట్రైకోగ్రామా యను చిన్న కందిరీగ అట్టి జాతిదే. అది పురుగు గ్రుడ్లలో తన గ్రుడ్లను పెట్టును.

సవతి తండ్రి మారెల్ 1681లో మరణించెను. తల్లికి తోడుగా నుండుటకు మేరియా కుమార్తెలతో ఫ్రాంక్‌ఫర్టునకు తిరిగివచ్చెను. భర్తతో పొత్తు క్రమముగా చెడెను. 1685లో ఆమె తల్లిని, ఇద్దరు కుమార్తెలను వెంటబెట్టుకొని హాలెండు దేశపు ఉత్తర భాగమున ఫ్రీస్‌లాండు ప్రాంతమందలి ఒక మతసమాజమున చేరెను. ఆ సమాజమువారు సొంత యాస్తి లేక, ఆడంబరములు లేక, ఒక కోటలో సమష్టిగా జీవించుచుండిరి. గ్రాఫ్ అచ్చటికి వచ్చి భార్యను తనతో రమ్మని బ్రతిమాలెను. ఆమె సమ్మతింపలేదు. కొన్నేండ్లకు వారి వివాహము రద్దయ్యెను. ఎవరి తప్పెంతయో నిర్ణయించుట మూడువందల యేండ్ల తరువాతివారి పని కాదు. కాని ఆనాటి లోకములో భర్తను విడిచిన స్త్రీకి గౌరవముగాని, జీవనాధారముగాని సులభముగా లభింపవని మాత్రము చెప్పవలసియున్నది.

ఆ కోటలో సైతము ఆమె కుంచె ఊరకుండలేదు. సమీపపు చిత్తడినేలలలో కప్ప గ్రుడ్లు తోకకప్పలై, కాళ్లు మొలచి, కప్పలగుటను ఆమె గమనించి చిత్రించెను. ఆ కోట యజమానులు దక్షిణ అమెరికాలోని సూరినామ్ అను డచ్చి వలసరాజ్యమునకు గవర్నరుగా నుండినవాని కుటుంబమువారు. సూరినామ్ నుండి వచ్చిన వింత పురుగులు, పక్షులు ఆమె కంటబడినవి. 1690లో తల్లి మరణించెను. మరుసటి సంవత్సరము మేరియా కుమార్తెలతో ఆమ్‌స్టర్‌డామ్ నగరమునకు తరలెను.

ఆమ్‌స్టర్‌డామ్ ఆనాడు ప్రపంచ వర్తకమునకు కూడలి. మచిలీపట్టణమునను, పాలకొల్లునను డచ్చివారికి వర్తకశాలలుండెను. కృష్ణా గోదావరీ తీరముల అద్దకపు బట్టలు వారి యోడలలో ఆ రేవునకు పోవుచుండెను. ఓడలతోపాటు దేశదేశముల గవ్వలు, పక్షిచర్మములు, పురుగులును వచ్చి ధనికుల గృహములలో చేరుచుండెను. నగరాధ్యక్షుడును, తూర్పు ఇండియా కంపెనీ డైరెక్టరులలో నొకడును అగు నికోలాస్ విట్సెన్ ఇంట అట్టి సంగ్రహము కలదు. మేరియా వానిని చూచి యానందించినను తృప్తి చెందలేదు. సూదులు గ్రుచ్చి పెట్టిన ఆ చచ్చిన పురుగులు ఎక్కడ పుట్టినవి, ఏమి తిన్నవి, ఎట్లు మారినవి అని యడిగినచో చెప్పగలవారు లేరు. చెప్పగలవారు లేనప్పుడు తానే పోయి చూడవలయునని ఆమె నిశ్చయించుకొనెను.

అప్పటి కామెకు ఏబదిరెండేండ్లు. పాలకులును వర్తకులును సముద్రము దాటుట ధనముకొరకో, రాజ్యముకొరకో, మతప్రచారముకొరకో. పురుగులను చూచుటకై ఒక స్త్రీ, అందును పురుషుల తోడు లేక, సముద్రము దాటుట నాటికి విననిది. మార్గమున తుపానులు, ఓడదొంగలు, జ్వరములు. తిరిగివత్తుమన్న నమ్మకము లేనందున ఆమె వీలునామా వ్రాసెను. ఖర్చుకొరకు తాను వేసిన 255 చిత్రములను, సేకరించిన పురుగులను అమ్మకమునకు పెట్టెను. పెద్దకుమార్తెకు వివాహమైనది. ఇరువదియొక్క యేండ్ల చిన్నకుమార్తె డోరోతియాను తోడుగా తీసికొని 1699 జూన్ మాసమున ఓడ యెక్కెను. రెండు మాసములకు పైగా ప్రయాణము చేసి వారిద్దరు సూరినామ్ ముఖ్యపట్టణమగు పారమారిబో చేరిరి.

ఆ దేశము భూమధ్యరేఖకు సమీపమున నున్నది. ఉక్కపోత, ఎడతెగని వానలు, దట్టమైన అడవి. నదీతీరముల డచ్చివారు చెరకు తోటలు వేసి, ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలచే పని చేయించుచుండిరి. చెరకు తప్ప మరియొకటి చూడవచ్చినందుకు ఆ తోటల యజమానులు మేరియాను పరిహసించిరి. ఇంత సారవంతమైన నేలలో చెరకు దక్క వేరు మొక్కను సాగుచేయు తలంపే వారికి లేదని ఆమె తన గ్రంథమున వారిని తిరిగి యధిక్షేపించెను. అడవిలో అడుగుపెట్టుటకు దారి లేకున్నప్పుడు, గొడ్డళ్లతో పొదలు నరికించుకొని లోనికి పోయెను. ఆదిమవాసులును, బానిసలును ఆమెకు పురుగులను తెచ్చి యిచ్చిరి. మొక్కల పేర్లను, వాని గుణములను తెలిపిరి. వారి సహాయము లేనిచో ఆమె పని సగమైనను జరిగెడిది కాదు. అయినను ఆమెయు బానిసలచే సేవలు పొందినదే. ఈ మచ్చను మరుగుపరుప నక్కరలేదు.

మన పెరళ్లలో రత్నగంధి యను పూలచెట్టు కలదు. ఎరుపు పసుపు కలసిన పూలు, సన్నని పొడవైన కేసరములు. ఆ చెట్టును మేరియా సూరినామ్‌లో చిత్రించెను. దానిని గూర్చి వ్రాయుచు, బానిస స్త్రీలు యజమానుల క్రూరత్వమునకు తాళలేక తమ దుఃఖమును తనతో చెప్పుకొనిరనియు, చనిపోయినచో తమ దేశమున స్వతంత్రులై మరల జన్మింతుమని నమ్ముచుండిరనియు ఆమె తెలిపెను. పూవును గూర్చిన పుటలో ఇట్టి మాటలు వ్రాయవలసిన యవసరము ఆమెకు లేదు. యజమానుల చందాలు ఆశించు గ్రంథకర్త్రికి వ్రాయకుండుటయే లాభము. అయినను వ్రాసెను.

పగలు ఎండవేడికి రంగులు గిన్నెలలోనే యెండిపోవుచుండెను. పెంచుచున్న పురుగులను చీమలు తినిపోవుచుండెను. ఒక్క రాత్రిలో చెట్టు ఆకులన్నిటిని కత్తిరించి మోసికొనిపోవు చీమలను, ఒకదాని నొకటి పట్టుకొని వంతెనగా ఏర్పడి కొమ్మనుండి కొమ్మకు దాటు చీమలను ఆమె కనుగొనెను. వీపు చర్మములో గ్రుడ్లను పొదుగుకొని పిల్లలను వెలువరించు కప్పను చూచెను. అయిదేండ్లు అచ్చట నుండవలయునని ఆమె తలంపు. కాని తీవ్రమైన జ్వరము సోకి ప్రాణము మీదికి వచ్చినందున, 1701 జూన్ మాసమున కుమార్తెతో తిరుగు ప్రయాణము కట్టవలసివచ్చెను. ఎండబెట్టిన సీతాకోకచిలుకలు, సారాయిలో నుంచిన పాములు, తొండలు, ఒక మొసలి, అన్నిటికంటె విలువైన చిత్రముల కట్ట, ఇవియే ఆమె తెచ్చిన సంపద. ఆ యేడాది సెప్టెంబరులో ఆమ్‌స్టర్‌డామ్ చేరెను.

అటుపిమ్మట నాలుగేండ్ల శ్రమ. ఉత్తమమైన కాగితము, నేర్పరులైన చెక్కడపు పనివారు కావలయును. అందుకు ధనము లేదు. తెచ్చిన జంతువులను అమ్మి, రంగులు అమ్మి, చందాదారులను చేర్చుకొని, తుదకు 1705లో సూరినామ్ కీటకముల పరివర్తనమును గూర్చిన మహాగ్రంథమును డచ్చి, లాటిను భాషలలో తానే ప్రకటించెను. అందు అరువది పెద్దచిత్రములున్నవి. మొదటి చిత్రము అనాసపండు, దానిపై బొద్దింకలు. ఇంత సుందరమైన పండుపై అంత రోతయైన పురుగును కూర్చుండబెట్టుటకు ఇతర చిత్రకారులు జంకెడివారు. బొద్దింక ఉన్నచోట బొద్దింకను వేయుట ఆమె పద్ధతి. తరువాతి పుటలలో జామ, బొప్పాయి, జీడిమామిడి, కర్రపెండలము, చిలగడదుంప, మిరప కనబడును. ఇవి యన్నియు అమెరికా ఖండమునుండి మన దేశమునకు వచ్చినవే. ఏలూరు, తాడేపల్లిగూడెముల అంగళ్లలో నేడు అమ్మబడు పండ్లు, దుంపలు ఆమె పుటలలో మూడువందల యేండ్లనాడే కొలువుదీరి యున్నవన్నమాట.

జామకొమ్మ చిత్రములలో నొకటి పెద్ద వివాదమునకు కారణమయ్యెను. అందు పెద్ద సాలెపురుగు ఒక చిన్నపక్షిని పట్టి తినుచుండును. సాలెపురుగు పక్షిని తినుట కట్టుకథ యని పందొమ్మిదవ శతాబ్దమున కొందరు పండితులు ఆమెను గేలిచేసిరి. సూరినామ్ నేలపై అడుగిడనివారు కూడ ఆమె గ్రంథమును తప్పులకుప్ప యని నిందించిరి. హెన్రీ వాల్టర్ బేట్స్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు అమెజాను నదీ ప్రాంతమున పెక్కేండ్లు గడపి, అట్టి సాలెపురుగు చిన్నపక్షులను పట్టియుండగా తాను చూచినట్లు 1863లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. అంతటితో గేలి యణగెను. అయితే ఆమె చెప్పినవన్నియు సత్యములని వాదింపరాదు. దానిమ్మ చెట్టుతో చిత్రించిన ఒక పొడుగు తల పురుగు రాత్రివేళ దీపమువలె వెలుగుననియు, దాని వెలుగులో వార్తాపత్రికను చదువవచ్చుననియు ఆమె వ్రాసెను. ఆ పురుగు వెలుగదని తరువాత తేలినది. జ్వరపీడిత యగు స్త్రీ, చీకటి రాత్రి, అడవిదేశము. భ్రమ కలుగుటకు అవకాశము లేకపోలేదు. పేరునకు మాత్రము ఆ పురుగు నేటికిని లాంతరు పురుగే.

గ్రంథమునకు కీర్తి వచ్చెను గాని ధనము రాలేదు. స్వీడను దేశపు లిన్నేయస్ జీవరాసులకు శాస్త్రీయ నామములు పెట్టినప్పుడు ఆమె చిత్రములను పెక్కుమారులు ఆధారముగా పేర్కొనెను. అది ఆమె మరణానంతరపు ముచ్చట. 1711లో పెద్దకుమార్తె యోహానా భర్తతో సూరినామ్ వెళ్లి అచ్చటి పురుగులను, మొక్కలను చిత్రించెను. 1715లో మేరియాకు పక్షవాతము వచ్చి శరీరము స్వాధీనము తప్పెను. అయినను ఐరోపా గొంగళిపురుగుల గ్రంథమునకు మూడవ భాగమును సిద్ధము చేయవలయునను కోరిక చావలేదు. 1717 జనవరి 13వ తేదీన ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆమె కన్నుమూసెను. పౌరుల మరణములను వ్రాయు పుస్తకమున ఆమె పేరు నిరుపేదల వరుసలో నెక్కినది. ఆ మూడవ భాగమును డోరోతియా పూర్తిచేసి ఆ సంవత్సరముననే ప్రకటించెను.

అదే సంవత్సరము రష్యా చక్రవర్తి పీటరు ఆమ్‌స్టర్‌డామునకు వచ్చి యుండెను. ఆయన మేరియా చిత్రములను పెక్కింటిని కొనెను. ఆయన వైద్యుడగు రాబర్ట్ ఎర్‌స్కిన్ ఆమె చిన్ననాటినుండి వ్రాసికొనిన పరిశీలనల పుస్తకమును సంపాదించెను. డోరోతియాయు తన భర్తయగు చిత్రకారునితో సెయింటు పీటర్సుబర్గునకు పోయి, అచ్చటి రాజ సంగ్రహాలయమున పక్షులను, పూలను చిత్రించుచు, శిష్యులకు చిత్రకళ నేర్పుచు 1743వరకు జీవించెను. మేరియా చిత్రములు కొన్ని ఇంగ్లండు రాజకుటుంబపు గ్రంథాలయమునకు చేరినవి. జర్మనీ ప్రభుత్వము 1992లో వెలువరించిన 500 మార్కుల నోటుపై ఆమె ముఖచిత్రము నచ్చొత్తించెను. 2002లో యూరో నాణెములు, నోట్లు వచ్చువరకు ఆ నోటు చెలామణిలో నుండెను.

ఆమె పరిశీలనల పుస్తకము రష్యా శాస్త్రపరిషత్తు గ్రంథాలయమున భద్రముగా నున్నది. దానిని యథాతథముగా 1976లో అచ్చువేయించిరి. చిన్న చిన్న తోలుకాగితపు ముక్కలు, వాని చుట్టు నీలివన్నె కాగితపు చట్రములు, ప్రక్క పుటలలో వంకరటింకర జర్మను వ్రాత. ఫ్రాంక్‌ఫర్టు పురుగులును, సూరినామ్ పురుగులును అందు ఒకే కట్టలో నున్నవి.